సెల్టా కోర్సు: లక్షకు పైగా పోసి చేయొచ్చా?

సెల్టా అనే ఇంగ్లీష్ టీచర్ ట్రైనింగ్ కోర్సు చేశానని తెలిసిన దగ్గర్నుంచి తోటి ట్రైనర్లు, పాత స్టూడెంట్లు అందరూ అడిగేది ఒకటే, "అది చేస్తే ఉద్యోగం వస్తుందా?" అని. ముందు దానికి జవాబు చెప్పేస్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా చెప్పుకుందాం. మీరు డీఎస్సీ రాసి గవర్నమెంట్ స్కూల్లో ఇంగ్లీష్ టీచర్ కావాలనుకుంటే ఈ కోర్సు జోలికి వెళ్లొద్దు. అక్కడ కావాల్సింది బీఈడీ, టెట్. సెల్టా ఉందని అర మార్కు కూడా కలపరు. మన దగ్గర జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లలో చాలామంది ఈ పేరే విని ఉండరు. అదే మీరు పెద్దవాళ్లకు ఇంగ్లీష్ చెప్పే పనిలో ఉంటే, అంటే ఐఈఎల్‌టీఎస్ కోచింగో, కంపెనీల్లో కమ్యూనికేషన్ ట్రైనింగో, ఆన్‌లైన్లో బ్రెజిల్ వాళ్లకో జపాన్ వాళ్లకో పాఠాలు చెప్పడమో, లేదా ఇలాంటి పని మీద బయటి దేశం వెళ్లాలనో ఉంటే, డబ్బు కష్టమైనా సరే ఆలోచించాల్సిన కోర్సు ఇది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నేళ్లు ఐఈఎల్‌టీఎస్ చెప్పి, ఆ తర్వాత ఈ కోర్సును ఆన్‌లైన్లో పార్ట్‌టైమ్‌గా చేశాను. ఏ సెంటర్లో చేశానో చెప్పను, కింద వాళ్లను కాస్త తిట్టబోతున్నాను కాబట్టి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెల్టా అంటే ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లీష్ నేర్పడంలో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ పరీక్షల విభాగం ఇచ్చే సర్టిఫికెట్. కోర్సు నడిపేది మాత్రం వాళ్లు గుర్తించిన సెంటర్లు. సిలబస్, ప్రమాణాలు కేంబ్రిడ్జ్‌వి, ప్రతి బ్యాచ్‌కీ బయటి నుంచి ఒక అసెసర్ వచ్చి చూసి వెళ్తారు. ట్యూటర్లతో గడిపే సమయం కనీసం 120 గంటలు. అందులో నిజమైన విద్యార్థులకు మనం పాఠం చెప్పేది 6 గంటలు, అనుభవం ఉన్న టీచర్లు చెబుతుంటే కూర్చుని చూసేది మరో 6 గంటలు. నాలుగు అసైన్‌మెంట్లు ఉంటాయి, ఒక్కోటి 750 నుంచి 1000 పదాలు. చివర్లో రాత పరీక్ష అంటూ ఏమీ ఉండదు. ఫుల్‌టైమ్ అయితే నాలుగైదు వారాల్లో అయిపోతుంది, పార్ట్‌టైమ్ అయితే నెలల తరబడి సాగుతుంది. కోవిడ్ వచ్చిన 2020లో పూర్తిగా ఆన్‌లైన్లో చేయడానికి ఒప్పుకున్నారు, ఆ వెసులుబాటు తర్వాత కూడా ఉంచారు. ఫీజు సెంటర్‌ను బట్టి, దేశాన్ని బట్టి మారుతుంది కానీ మన రూపాయల్లో లక్ష దాటుతుందనే లెక్క వేసుకోండి. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల సర్ట్‌టీసోల్ అని ఇంకొకటి ఉంది, అది కూడా దీనికి సమానమే, బ్రిటన్‌లో సర్టిఫికెట్లకు ఇచ్చే స్థాయిల లెక్కలో రెండూ లెవెల్ 5.

ఇక్కడే ఒక మాట. ఫోన్లో ఒక్కసారి ఇంగ్లీష్ టీచర్ ట్రైనింగ్ అని వెతికి చూడండి, ఆ రోజు నుంచి మీ వెంట పడతాయి ప్రకటనలు, 120 గంటల టెఫెల్ సర్టిఫికెట్, అంతర్జాతీయ గుర్తింపు, ఈ రాత్రితో ఆఫర్ ఆఖరు అని. ఆ ఆఫర్ రేపు రాత్రికి కూడా ఆఖరే, వచ్చే నెలలో కూడా ఆఖరే. టెఫెల్, టీసోల్ రెండూ వేరే భాషల వాళ్లకు ఇంగ్లీష్ నేర్పడానికి పెట్టిన పొట్టి పేర్లే, వాటి మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరైనా ఒక వెబ్‌సైట్ పెట్టి సర్టిఫికెట్ అమ్ముకోవచ్చు, ఆ 120 అనే అంకె మాత్రం అందరూ వేసుకుంటారు. సెల్టాకు ముందు అలాంటిది ఒకటి నేనూ కొన్నాను. నాలుగు పేజీలు చదవడం, పది బిట్లు టిక్కు పెట్టడం, తప్పయితే మళ్లీ పెట్టడం, ఆఖర్న పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవడం. నేను పాఠం చెబుతుంటే చూసిన మనిషి ఒక్కరు కూడా లేరు. గ్రామర్ ఒకసారి తిరగేసుకోవడానికి పనికొచ్చింది, అంతకు మించి దానితో నాకు పని పడలేదు.

సెల్టాలో మీరు డబ్బు పోసేది ఆ ఆరు గంటల పాఠాలకే. మిగతాదంతా మంచి పుస్తకాలు తెచ్చుకుని కూర్చుంటే ఎంతో కొంత వచ్చేదే. టీపీ అంటారు దాన్ని, టీచింగ్ ప్రాక్టీస్. మాకు ఒక్కో పాఠం ముప్పావు గంట. ఎదురుగా ఏ కొలంబియా నుంచో టర్కీ నుంచో ఉచితంగా నేర్చుకోవడానికి వచ్చిన పెద్దవాళ్లు, వెనక కెమెరాలు ఆపేసి, మ్యూట్‌లో ఉండి మన ప్రతి మాటా రాసుకుంటున్న తోటి ట్రైనీలు, వాళ్లతో పాటు ట్యూటర్. ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన మనిషికైనా మొదటిరోజు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టే ఉంటుంది. సగం కోర్సు ఒక లెవెల్ వాళ్లకు, మిగతా సగం ఇంకో లెవెల్ వాళ్లకు చెప్పాలి, కాబట్టి వచ్చీరాని ఇంగ్లీష్ వాళ్లకు చెప్పడం అలవాటయ్యేలోపు బాగా మాట్లాడేవాళ్లు ఎదురవుతారు. పాఠం అయ్యాక ముందు మనమే మన పాఠం గురించి చెప్పాలి, తర్వాత తోటివాళ్లు, ఆఖర్న ట్యూటర్. తర్వాత రాతలో ఒక రిపోర్ట్ వస్తుంది, ఈ దశకు తగ్గట్టు ఉందా లేదా అని తేల్చేస్తారు.

ఆ రిపోర్ట్ ఒకటి చూస్తే చాలు, ఈ కోర్సు ఏమిటో అర్థమైపోతుంది. మా గ్రూపులో చెన్నై నుంచి చేరిన ఒక సీనియర్ లెక్చరర్ ఉండేవారు, మంచి గొంతు, మంచి ఇంగ్లీష్, క్లాసంటే ఆవిడదే అన్నట్టు ఉంటుంది. తనకొచ్చిన రిపోర్ట్‌ను ఆవిడే నవ్వుతూ మాకు చదివి వినిపించారు. ఎడమ పక్కన సెంటర్ వాళ్ల దేశం టైమ్, కుడి పక్కన ఆ నిమిషంలో జరిగింది. ఏడూ పన్నెండుకి, బొమ్మ బాగుంది, అందరూ మాట్లాడుతున్నారు. ఏడూ పదిహేనుకి, ఇప్పుడు మీరు మాట్లాడుతున్నారు. ఏడూ పద్దెనిమిదికి, ఇంకా మీరే. ఏడూ ఇరవైకి, బ్రెజిల్ ఆయన వాక్యం మొదలుపెట్టారు, మీరు పూర్తి చేసేశారు. పొగడ్త లేదు, తిట్టు లేదు, ఏం జరిగిందో అంతే. ఇరవై ఏళ్లలో ఆవిడ క్లాస్‌రూమ్‌లో వెనక బెంచీ మీద కూర్చుని ఇలా రాసిన వాళ్లు ఎవరూ లేరట, ప్రిన్సిపాల్ తొంగిచూసి వెళ్లడం తప్ప.

మన దగ్గర ఈ విషయం ఇంకా గట్టిగా తగులుతుంది. అమీర్‌పేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా ఏ కోచింగ్ సెంటర్ చూడండి, ఫలానా ఫ్యాకల్టీ బాగా చెప్తాడు అంటే బాగా మాట్లాడతాడు అనే అర్థం. డెమో క్లాస్‌లో రెండు జోకులు, ఒక మోటివేషన్ కథ, గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీష్, అది చూసి జనం ఫీజు కట్టేస్తారు. మాట్లాడడం నేర్చుకోవడానికి వచ్చిన వాళ్లు గంటసేపు కూర్చుని వినేసి, "సూపర్ సార్" అనుకుంటూ ఇంటికి వెళ్తారు. సెల్టాలో ఈ విద్యకు విలువ సున్నా. టీచర్ మాట్లాడే సమయాన్ని వాళ్లు టీటీటీ అని పేరు పెట్టి మరీ లెక్కేస్తారు. మొదట్లో నాకు ఒళ్లు మండింది, నేను మాట్లాడకపోతే ఇంక నేనెందుకు అని. మెల్లగా తెలిసొచ్చేదేమిటంటే, నోరు మూసుకుని పాఠం నడపాలంటే ముందు చాలా పని చేయాలి, ఏ బొమ్మ చూపిస్తే ఏ మాట వస్తుంది, ఏ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పగలరు, జవాబు రాకపోతే ఏం చేయాలి, ఇదంతా ముందే రాసుకోవాలి. ముప్పావు గంట పాఠానికి మా లెసన్ ప్లాన్ ఎనిమిది పది పేజీలు వచ్చేది.

నాకు బాగా నచ్చినది, ఇప్పటికీ రోజూ వాడేది సీసీక్యూ, అంటే కాన్సెప్ట్ చెకింగ్ క్వశ్చన్. మన క్లాసుల్లో టీచర్ ఒకటి చెప్పి "అర్థమైందా?" అంటాడు, అందరూ "అర్థమైంది సార్" అంటారు, అర్థం కానివాళ్లే ఇంకాస్త గట్టిగా అంటారు. ఆ ప్రశ్న సెల్టాలో అడగకూడదు. దాని బదులు, అర్థమైనవాడు మాత్రమే జవాబు చెప్పగలిగే చిన్న ప్రశ్నలు వేయాలి. ఉదాహరణకు బోర్డు మీద రెండు వాక్యాలు ఉన్నాయి, "హి స్టాప్డ్ స్మోకింగ్" అని ఒకటి, "హి స్టాప్డ్ టు స్మోక్" అని ఒకటి. జెరండ్, ఇన్ఫినిటివ్ అని ఒక్క ముక్క చెప్పక్కర్లేదు. మొదటి వాక్యం చూపించి, ఇతను ఇప్పుడు సిగరెట్ తాగుతాడా? అంటే తాగడు అనాలి. రెండోది చూపించి, ఇతను ఏదో పని చేస్తున్నాడు, అది ఆపాడా? ఆపాడు. ఎందుకు ఆపాడు? సిగరెట్ కోసం. అయితే ఇప్పుడు చేతిలో ఏముంది? సిగరెట్. మూడు నాలుగు ప్రశ్నల్లో ఎవరికి ఎక్కింది, ఎవరికి ఎక్కలేదు అన్నది బయటపడిపోతుంది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ ఈ ప్రశ్నలు తయారుచేయడం చాలా కష్టం, ముఖ్యంగా ప్రశ్నలోనే మనం నేర్పుతున్న గ్రామర్ వాడకుండా అడగడం. "హ్యావ్ బీన్" నేర్పే రోజున రాత్రి ఒంటిగంటకు ఆ ప్రశ్నలు రాసుకుంటూ కూర్చున్న ట్రైనీని ఎవరినైనా అడగండి.

ఆన్‌లైన్లో ఇంకో తమాషా, ఇన్‌స్ట్రక్షన్లు. మామూలు క్లాసులో చెప్పింది అర్థం కాకపోతే పక్కవాడి కాగితంలో చూసి మొదలుపెట్టేస్తారు. జూమ్‌లో ఆ అవకాశం లేదు. ఏం చేయాలో సరిగ్గా చెప్పకుండా బ్రేకవుట్ రూముల్లోకి, అంటే ఇద్దరిద్దరు విడిగా మాట్లాడుకునే గదుల్లోకి తోసేస్తే, తర్వాత మీరు ఒక్కో రూములోకి వెళ్లి చూసేసరికి ఇద్దరు మనుషులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నవ్వుతూ కూర్చుని ఉంటారు. అందుకే ముందు స్క్రీన్ మీద చూపించాలి, ఒకరితో చేయించి చూపించాలి, మాట్లాడాలా రాయాలా, ఎంతసేపు అని వాళ్ల నోటితోనే చెప్పించాలి, అప్పుడు బటన్ నొక్కాలి. ఇది తర్వాత నా ఐఈఎల్‌టీఎస్ క్లాసుల్లో వాడాను, స్పీకింగ్ ప్రాక్టీస్‌లో వృథా అయ్యే సమయం సగానికి తగ్గింది.

అన్నట్టు, ట్యూటర్లను పేరు పెట్టి పిలవాలి. సార్, మేడమ్ అంటే వాళ్లే ఇబ్బంది పడతారు. పాతికేళ్లు పెద్దావిడను పేరు పెట్టి పిలవడానికి నా నాలుక కోర్సు సగం అయ్యేదాకా తిరగలేదు, మెయిల్లో అయితే అసలు పేరే రాయకుండా హలో అని నెట్టుకొచ్చాను.

ఇప్పుడు అందరికీ ఉండే భయం, మనం మాతృభాషగా ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లం కాదు కదా, ఇంగ్లాండ్ వాళ్ల మధ్య నెగ్గుకు రాగలమా అని. ఈ టెన్షన్ అనవసరం. అప్లికేషన్‌తో పాటే ఒక టాస్క్ ఇస్తారు, ఈ రెండు వాక్యాలకు తేడా ఏమిటి, ఈ తప్పును ఎలా సరిచేస్తారు అని. తర్వాత ఇంటర్వ్యూ. సీ1 పైభాగం లేదా సీ2 స్థాయి ఇంగ్లీష్ అడుగుతారు (యూరప్ వాళ్ల భాషా కొలతలో ఆఖరి రెండు మెట్లు ఇవి), అది ఉంటే చాలు, బ్రిటిష్ యాస పెట్టాల్సిన పనిలేదు. లోపలికి వెళ్లాక చూస్తే గ్రామర్ విషయంలో మనమే ముందుంటాం. వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ బట్టీపట్టి పదో తరగతి గట్టెక్కిన వాళ్లం మనం. మా గ్రూపులోని ఇంగ్లాండ్ అబ్బాయి పాస్ట్ పర్ఫెక్ట్ అంటే ఏమిటో గూగుల్‌లో చూసుకుని వచ్చేవాడు, వాక్యం తప్పని వెంటనే చెప్పేవాడు, ఎందుకు తప్పో చెప్పలేకపోయేవాడు. అయితే రూలు తెలియడం ఒకటి, దాన్ని రూలు చెప్పకుండా ఎక్కించడం ఇంకొకటి, ఆ రెండోదాంట్లో అందరం ఒకే గీత మీద మొదలుపెట్టాం.

మనకు దెబ్బ తగిలేది ఉచ్చారణలో, అది కూడా అక్షరాల దగ్గర కంటే, మాటలో ఎక్కడ ఒత్తి పలకాలి అన్న దగ్గర. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం, ఇంగ్లీష్‌లో మాటలో ఒక చోట బరువు వేసి మిగతావి నలిపేస్తారు. ఫొటోగ్రాఫ్ అన్నప్పుడు మొదటి భాగం మీద, ఫొటోగ్రఫర్ అంటే రెండో భాగం మీద, ఫొటోగ్రాఫిక్ అంటే మూడో భాగం మీద పడుతుంది ఆ బరువు. మా ట్యూటర్ దీన్ని వేళ్లతో చూపించేవారు. ఒక్కో వేలు ఒక్కో భాగం, బరువున్న వేలును ఇంకో చేత్తో పట్టుకుని కొంచెం పైకి లాగేవారు, కెమెరాకు దగ్గరగా పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా. "కంఫర్టబుల్" అన్న మాటకు నాలుగు వేళ్లు తెరిచి, రెండో వేలు మడిచేసి, మూడుగా పలికించారు. ఇన్నేళ్లు ఇంగ్లీష్ చెప్పి బతికినదాన్ని, ఆ మాటను ఎందుకలా పలుకుతారో అంత తేలిగ్గా ఎవరూ నాకు చూపించలేదు. లెసన్ ప్లాన్‌లో ప్రతి కొత్త మాటకూ ఫొనెటిక్ లిపిలో ఉచ్చారణ రాయాలి, అది ముందే నేర్చుకుని వెళ్లండి, కోర్సు మధ్యలో దానికి టైమ్ దొరకదు.

అసైన్‌మెంట్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఒకదాంట్లో ఒక విద్యార్థిని తీసుకుని అతని తప్పుల్ని విడదీయాలి, ఇంకోటి గ్రామర్, మూడోది చదవడం, వినడం లాంటి నైపుణ్యాల పాఠం తయారుచేయడం, నాలుగోది మన పాఠాల నుంచి మనం నేర్చుకున్నది. సరిగా లేకపోతే ఒక్కసారి తిప్పి రాసివ్వొచ్చు. గ్రేడ్లు పాస్, పాస్ బి, పాస్ ఎ. ఆ ఎ చాలా తక్కువ మందికి వస్తుంది, దాని కోసం నిద్ర పాడుచేసుకోకండి, చాలా ఉద్యోగాలకు మామూలు పాస్ చాలు.

ఇక నాకు నచ్చనిది. ఈ కోర్సుకు మూలం లండన్‌లో ఉంది. 1962లో ఇంటర్నేషనల్ హౌస్ అనే స్కూల్లో జాన్ హేక్రాఫ్ట్ తన టీచర్ల కోసం రెండు వారాల ట్రైనింగ్ మొదలుపెట్టారు, అది పెరిగి పెరిగి, 1988లో కేంబ్రిడ్జ్ చేతికి వచ్చి, ఇప్పుడున్న సెల్టా అయింది. లండన్‌లో ఒక చిన్న గదిలో పదిమంది, ఒకరిది ఇటలీ, ఒకరిది జపాన్, ఒకరి భాష ఇంకొకరికి రాదు, టీచరుకు ఇంగ్లీష్ తప్ప ఇంకోటి వచ్చినా ఉపయోగం లేదు. ఆ గదికి ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. దాన్నే తెచ్చి కరీంనగర్‌లో అందరూ తెలుగువాళ్లే ఉన్న బిగినర్స్ బ్యాచ్ మీద పెడితే కొన్ని చోట్ల పిచ్చిపని అవుతుంది. "ఆల్దో" అన్న మాటకు బొమ్మ గీసి, సైగ చేసి, మూడు ఉదాహరణలు ఇచ్చి అయిదు నిమిషాలు పోయేచోట, ఒక్క తెలుగు మాట చెబితే రెండు సెకన్లలో అయిపోతుంది. విద్యార్థుల భాష తెలిసిన టీచర్ దాన్ని ఎప్పుడు వాడాలి, ఎంత వాడాలి అన్నది మా కోర్సులో ఒక్క సెషన్‌లో కూడా రాలేదు. మన దేశంలో ఇంగ్లీష్ చెప్పే ప్రతి ఒక్కరికీ రోజూ ఎదురయ్యే ప్రశ్న అది.

స్కూలు పిల్లల సంగతి మరీను. ఇది పెద్దవాళ్లకు చెప్పడానికి పుట్టిన కోర్సు. తెలంగాణలో 2022-23 నుంచి గవర్నమెంట్ బళ్లలో ఇంగ్లీష్ మీడియం మొదలైంది, ఆంధ్రాలో అంతకు ముందే ఆ గొడవంతా నడిచింది. అక్కడి టీచర్లకు ఇప్పుడు కావాల్సింది, లెక్కలు, సైన్సు ఇంగ్లీష్‌లో చదవాల్సిన యాభై అరవై మంది పిల్లల్ని కదలని బెంచీల మధ్య ఎలా సముదాయించాలో చెప్పే ట్రైనింగ్. లేచి నిలబడి గది అంతా తిరుగుతూ ఒకళ్లనొకళ్లు ప్రశ్నలు అడగండి అనే ఆట అక్కడ ఎలా ఆడతారు? ఈ విషయంలో మన దగ్గరే జరిగిన పని ఒకటుంది. ఇంగ్లీష్ బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్ట్ పేరుతో దక్షిణాదిలోని మామూలు బళ్లలో ఒక ప్రయోగం నడిపారు. గ్రామర్ పాఠం పక్కన పెట్టి, రైల్వే టైమ్‌టేబుల్ ఇచ్చి ఏ బండి ఎక్కితే ఎప్పుడు చేరతాం, మ్యాప్ ఇచ్చి ఎటు వెళ్లాలి అనే లెక్కలు చేయించేవారు. ముందు టీచర్ క్లాసంతటితో కలిసి ఒకటి చేయిస్తారు, తర్వాత అలాంటిదే ఇంకోటి పిల్లలు ఎవరికి వాళ్లు చేస్తారు. గ్రూపులుగా కూర్చోబెట్టడం మీద ఆయనకు పెద్దగా నమ్మకం లేదు, పిల్లలు ఒకళ్ల తప్పులు ఒకళ్లు నేర్చుకుంటారని. సెల్టాలో పెయిర్‌వర్క్, అంటే ఇద్దరిద్దరు కలిసి చేసే పని లేని పాఠం ఊహించలేం. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి మాట్లాడితే ఎంత బాగుండేది! మా కోర్సులో ప్రభు పేరు ఎత్తింది నేనొక్కదాన్నే.

బడిలోనో కాలేజీలోనో పనిచేసేవాళ్లకు నా సలహా, ముందు హైదరాబాద్ తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ) వైపు చూడండి. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా పెట్టింది అసలు ఇంగ్లీష్ టీచర్లను తయారుచేయడానికే. వాళ్ల పీజీసీటీఈ అనే ఇంగ్లీష్ బోధన సర్టిఫికెట్ కోర్సు దూరవిద్యలో ఉంది, ఫీజు సెల్టాతో పోలిస్తే చాలా తక్కువ, భాషాశాస్త్రం, ఫొనెటిక్స్ సెల్టా కంటే లోతుగా ఉంటాయి, మన కాలేజీల్లో ఆ పేరు తెలుసు. సెల్టాలో లాగా వారం వారం ఎవరో ఒకరు మన పాఠం చూసి నిమిషాలు రాసివ్వడం మాత్రం అక్కడ ఉండదు.

బయటి దేశాల ఉద్యోగాల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. సెల్టా చేస్తే ప్రపంచమంతా తలుపులు తెరుచుకుంటాయి అనే మాట నమ్మకండి. ఇప్పటికీ చాలా ప్రకటనల్లో సర్టిఫికెట్ కంటే ముందు పాస్‌పోర్ట్ అడుగుతారు, బ్రిటన్, అమెరికా, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల వాళ్లే కావాలని. మీ పాఠం ఎంత బాగున్నా ఆ ఫారంలో మీ దేశం పేరే ఉండదు. గల్ఫ్‌లో స్కూలు ఉద్యోగమైతే బీఈడీ గురించి అడుగుతారు. ఇథియోపియా, లిబియా, యెమెన్ యూనివర్సిటీలకు మన దగ్గర్నుంచి ఎంఏ ఇంగ్లీష్ చేసిన లెక్చరర్లు బోలెడంతమంది వెళ్లిన కాలం ఒకటుంది, అది ఇప్పుడు లేదు. సెల్టా నిజంగా పనికొచ్చేది బ్రిటిష్ కౌన్సిల్ లాంటి చోట్ల, వాళ్ల టీచర్ ఉద్యోగాల ప్రకటనల్లో సెల్టా లేదా దానికి సమానమైనది అని రాయడం మామూలే, వియత్నాం లాంటి దేశాల్లోని లాంగ్వేజ్ సెంటర్లలో, ఇంకా సొంతంగా ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవాళ్లకు. ఆన్‌లైన్ ట్యూటర్ల వెబ్‌సైట్ ఐటాకీలో ప్రొఫెషనల్ టీచర్ అని పెట్టుకోవాలంటే సర్టిఫికెట్ చూపించాలి. నా సంగతి అడిగితే, కోచింగ్ సెంటర్లో జీతం ఒక్క రూపాయి పెంచలేదు, "అదేదో కోర్సు చేశారట కదా మేడమ్" అని బ్రోషర్‌లో మాత్రం వేసుకున్నారు. కాకపోతే ఆన్‌లైన్లో సొంతంగా తీసుకునే విదేశీ స్టూడెంట్లకు గంటకు ఎంత అన్నది ఇప్పుడు నేనే చెప్పగలుగుతున్నాను, ఇప్పటికి సగం ఫీజు అలా తిరిగొచ్చింది.

ఇప్పుడు సెంటర్ మీద నా ఫిర్యాదులు. కేంబ్రిడ్జ్ ప్రమాణాలు ఎక్కడైనా ఒకటే అయినా, నడిపే తీరు సెంటర్‌ను బట్టి చాలా తేడాగా ఉంటుంది. మా దాంట్లో ట్యూటర్లు ఇద్దరూ మంచివాళ్లే, కానీ కోర్సు మధ్యలో మారినప్పుడు మొదటావిడ మెచ్చుకున్నదాన్నే రెండో ఆయన వద్దన్నారు, వాళ్లలో వాళ్లు ముందే మాట్లాడుకుని ఉంటే మాకు ఆ తలనొప్పి ఉండేది కాదు. ఉచితంగా వచ్చే విద్యార్థులు కాబట్టి రాకపోయినా ఎవరూ ఏమీ అనలేరు, పదిమంది వస్తారని పెయిర్‌వర్క్ రాసుకుంటే ముగ్గురు వచ్చిన రోజులున్నాయి, ఆ రోజు పాఠం చెప్పాల్సినవాళ్ల ఖర్మ. టీపీ టైమ్ వాళ్ల దేశం లెక్కలో పెట్టారు, మనకు అర్ధరాత్రి దాటేది, ఆ సంగతి ఫీజు కట్టాకే స్పష్టంగా చెప్పారు. ఇంట్లో వాళ్లందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని గుసగుసగా డ్రిల్లింగ్, అంటే ఒకే మాట పదేపదే పలికించడం, చేయించడం ఏ సిలబస్‌లోనూ లేదు. కరెంటు పోతే పాఠం మళ్లీ చెప్పనిస్తారా అని అడిగితే చూద్దాం అన్నారు. నేను ఇన్వర్టర్‌కు తోడు ఫోన్ హాట్‌స్పాట్ కూడా పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఈమెయిల్‌లో అడగండి. టీపీ మన టైమ్ ప్రకారం ఎన్నింటికి? ఒక గ్రూపులో ఎంతమంది ట్రైనీలు? విద్యార్థులు మామూలుగా ఎంతమంది వస్తారు, రాకపోతే ఏం చేస్తారు? నెట్ పోతే ఆ పాఠం సంగతి ఏమిటి? మధ్యలో ఒంట్లో బాగోక మానేస్తే ఎంత తిరిగిస్తారు, లేక వచ్చే బ్యాచ్‌లో కలుపుతారా? సెంటర్ పేరు కేంబ్రిడ్జ్ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, వాళ్లు పంపిన లోగో చూసి సరిపెట్టుకోకండి. ఈ ప్రశ్నలకు రాతలో జవాబివ్వకుండా, ముందు సీటు బ్లాక్ చేసుకోండి, తర్వాత ఫోన్లో అన్నీ మాట్లాడుకుందాం అనే సెంటర్ అయితే ఇంకోటి వెతుక్కోండి.